మొదటి కత్తెర

వసంతక్క ఇక లేదన్న వార్త ఫోన్లో వినేటప్పటికి నా ఒడిలో ఎవరిదో పాత ప్యాంటు ఉంది. దాని కుట్లు విప్పుతున్నాను. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి మంచం మీద నుంచి ఆ ప్యాంటు గురించే నన్ను తిట్టింది. "ఇంగా విప్పలేదా సరళా? ఈ లోపల బెంగుళూరికి పోయి రావచ్చు గదే!" అని. అంత గట్టిగా తిట్టిన మనిషి తెల్లవారేసరికి లేకపోవడమేమిటి? ఏం చేయాలో తోచక, ఏడుస్తూనే, ఆ ప్యాంటు కుట్లన్నీ విప్పేశాను.

ఈ బంగారు గనుల ఊళ్లో వసంతక్కను ఎరగనివారు తక్కువ. అయినా ఎరగనివారి కోసం చెబుతున్నాను. పుట్టిల్లు బేతమంగళ, రైతుబిడ్డ. మెట్టినిల్లు చాంపియన్ రీఫ్స్‌లో గనికార్మికుల లైను ఇల్లు. గనులు మూతపడి, ఊరు ఊరంతా పొద్దున్నే కూలిపనుల కోసం బెంగుళూరు రైలెక్కుతున్న కాలంలో ఆమె రాబర్ట్‌సన్‌పేటలో కుట్టుమిషను పెట్టి బోర్డు కట్టింది. ఇంటింటికీ తిరిగి, జనం వాడి మూల పడేసిన బట్టలు అడిగి తెచ్చేది. మాలాంటి నలుగురు స్థానిక డిజైనర్లను పోగేసి, వాటిని సరికొత్త దుస్తులుగా మలిచేది. ఏటా ఒక ఫ్యాషన్ షో, ఆ వెంటనే అమ్మకం. వచ్చిన సొమ్మంతా ఊపిరితిత్తుల్లో రాతిధూళి నిండిన పాత గనికార్మికుల మందులకే. మామగారి దగ్గు వింటూ కాపురం చేసిన ఇల్లాలు ఆమె. "ఆ దగ్గు ఇంగా నా చెవుల్లోనే ఉండాది. మిషను తొక్కితే రవంత వినపడదు" అనేది.

నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. అయినా ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపించేది. ఎవరైనా "టైలరమ్మా" అని పిలిస్తే మాత్రం సూదులు తీసి మరీ జవాబిచ్చేది. "టైలరు మీరు అడిగింది కుడతాడప్పా. నేను మీరు అడగంది కుడతాను. అందుకే డిజైనరు!" నా మొదటి సంపాదనతో ఆమెకు ఆవపువ్వు రంగు చీర కొనిచ్చినప్పుడు విప్పి చూసి, "ఇది చీరనా, సాంబారు ఒలికిందా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత ఏ షో జరిగినా ఆ చీరే కట్టుకుంది.

మా మొదటి షోలో జరిగిన రభస ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆండర్సన్‌పేట మునెమ్మత్త గారి కోడలు, అత్తకు చెప్పకుండా, పెట్టె అడుగునున్న వంకాయ రంగు పట్టుచీర తెచ్చి ఇచ్చింది. అక్క దాన్ని పొడుగు కోటుగా కుట్టింది. షో రోజున ఆ కోటు తొడుక్కున్న పిల్ల కులుకుతూ నడిచి వస్తోంది. ముందు వరసలో కూర్చున్న మునెమ్మత్త దిగ్గున లేచింది. "నిలబడే! అది నా పెండ్లిచీర!"

పాట ఆగిపోయింది. కోడలు తెర వెనక్కి మాయమైంది. వసంతక్క వేదిక మీదికొచ్చి అందరి ముందూ చేతులు జోడించింది. "తప్పయిపోయిందత్తా. నిన్ను అడగల్సింది. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

మునెమ్మత్త మెట్లెక్కింది. కోటు జేబులు తడిమింది. కాలరు తిప్పి చూసింది. "నా కొంగు యాడ?" అంది.

"ఇదో అత్తా, వీపు మీద. పువ్వు ఒకటి కూడా పోలేదు."

అత్త కాసేపు ఆ పువ్వులను చూసింది. "అయితే తియ్యి. నాకు తొడుగు" అంది. తొడిగించుకుని, ఆ వయసులో, నడుం మీద చెయ్యేసుకుని వేదిక ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. హాలంతా ఈలలే.

ఆ రోజు ఊరు నవ్వింది గానీ, అక్కకు ఆ తప్పు లోపల గుచ్చుకుంది. మర్నాడే నియమం పెట్టింది: ఇచ్చినవాళ్లే మొదటి కత్తెర వేయాలి. ఎంత గొప్పవారైనా సరే, తమ బట్టను తమ చేత్తో కోసిస్తేనే పుచ్చుకునేది. "చెయ్యి వణికితే కూర్చో. వణుకు నిలిచినాక కొయ్యి. నిలవకపోతే ఇంటికి ఎత్తుకోనిపో, నేనేమీ అనుకోను" అనేది. కత్తెర పడ్డాక వాళ్లకు ఒక లోటా కాఫీ. అదీ నియమమే. టేకల్ నుంచి ఒక రైతు, పోయిన భార్య చీర తెచ్చి, చాలాసేపు కూర్చుని, కోయలేక తిరిగి తీసుకుపోయాడు. మామిడికాయల కాలంలో ఒక బుట్టతో, ఆ చీరతో మళ్లీ వచ్చాడు. "ఇంగ పరవాలేదమ్మా" అని తానే కోసి, కాఫీ అడిగి మరీ తాగాడు. పోయినవాళ్ల బట్టలు ముట్టకూడదని ఎవరైనా గొణిగితే అక్క ఒప్పుకునేది కాదు. "బట్టకు చావు లేదప్పా. మూల పడేస్తేనే చస్తాది" అనేది.

ఈ ఏడాది ఆమెకు గుండెజబ్బు ముదిరింది. ఇంట్లో పడుకుని ఉన్న రోజుల్లో ఒకసారి, "పెద్ద కత్తెర ఎత్తలేకుండా ఉండాను. దారాలు తెంపే చిన్నది తెచ్చియ్యి" అంది. ఊరికే ఉండలేక అడిగిందనుకుని ఇచ్చాను. తర్వాత ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఈసారి షో నా చీరలతోనే మొదలు కావల్ల. బీరువాలో పెట్టి పూజ చేసినారంటే దయ్యమై వచ్చి అందరినీ పట్టుకుంటా!" నర్సు కూడా నవ్వింది.

కర్మ ముగిసిన మర్నాడు ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె భర్త కృష్ణప్ప బావ గనిలో పనిచేసి రిటైరైన మితభాషి. బీరువా తాళం నా చేతిలో పెట్టి, "ఆమె చీరకు కత్తెర పెట్టేదానికి నాకు చెయ్యి రాదమ్మా" అన్నాడు. నాకు మాత్రం వస్తుందా? షో దగ్గరపడుతోంది. ఇచ్చిన మనిషే కోయాలన్నది ఆమె శాసనం. ఇచ్చిన మనిషి లేదు. నియమం నిలబెడితే ఆమె కోరిక తీరదు. కోరిక తీరిస్తే నియమం తప్పుతుంది. బీరువా తెరిచి పై చీర విప్పాను.

కొంగు అంచున చిన్న కోత. ఎలుక కొట్టిందేమో అనుకున్నాను. రెండో చీరకూ అక్కడే. మూడోదానికీ. ఒక్కొక్కటే విప్పుతూ పోయాను. అన్నిటికీ కొంగు చివర, శుభ్రంగా, చిన్న కత్తెరతో వేసిన కోత.

"ఆసుపత్రికి పోకముందు బీరువా ముందర కూర్చుని చీరలు మడతలు పెడతా ఉండె. నేను సర్దుకుంటా ఉండాదనుకుంటిని" అన్నాడు బావ. అని, ఆయన మొదట నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. నేనూ అంతే. వసంతక్కా, ఎంత గడుసుదానివమ్మా!

అడుగున ఒక్క చీర మిగిలింది. ఆవపువ్వు రంగుది. కొంగంతా వెతికాను. ఎక్కడా కోత లేదు. మరిచిపోయిందనుకోబోయి ఆగాను. వసంతక్క మరిచే మనిషి కాదు. ఆ చీర ఇచ్చింది నేను కదా.

ఇంతటి చమత్కారం, ఇంతటి ఔదార్యం ఒకే మనిషిలో మళ్లీ ఈ ఊరు చూడదు. ఆమె స్థానం భర్తీ కాదు. మా షో మాత్రం ఆగదు. ఆ మహోదారమూర్తికి నా చేతనైన నివాళి అప్పుడే, ఆ బీరువా ముందరే అర్పించాను. చెయ్యి వణికింది. కూర్చున్నాను. వణుకు నిలిచాక కోశాను.

బావ కళ్లు తుడుచుకుని వంటింటి వైపు లేచాడు. "కూర్చోమ్మా, కాఫీ పెడతాను" అన్నాడు.