మామ అడిగిన పేరు

మనవడు పుట్టి పద్దెనిమిది రోజులైంది. పేరు పెట్టే తొట్టెల ఇంకా మూడు రోజుల్లోకి వచ్చినా పేరు తేలక మా ఇంట్లో ఎవరి మనసూ కుదురుగా లేదు. జాతకం చూపించి తెచ్చిన అక్షరం మీద వియ్యపురాలు పట్టు పట్టింది, మేనత్తను నేనుండగా మధ్యలో మీరెవరని నా కూతురు మూతి ముడుచుకుంది, కొడుకేమో ఫోన్లో పేర్లు చదివి చదివి నిన్న విసుగొచ్చి, అమ్మా, నువ్వే ఒకటి చెప్పు, దాన్నే ఖాయం చేద్దామన్నాడు. అప్పటినుంచి నాకు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు పోవాలో తోచదు. పొద్దున పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను.

ఈ కొడుకే పొత్తిళ్లలో ఉన్నప్పుడు గోదావరిఖనిలోని మా రెండు గదుల క్వార్టర్లోనూ ఇదే రభస జరిగింది. అది అర్థం కావాలంటే మా మామ సంగతి చెప్పాలి. గనుల పక్కన బతికిన మన ఈడు వాళ్లకు ఇలాంటివి కొత్తేమీ కాదు. వాళ్ల ఊరివాడొకడికి బొగ్గుబాయిలో పని దొరికితే, మొదటిరోజే ఆ చీకట్లోకి దిగి గుండె జారిపోయి, పైకొచ్చాక మళ్లీ బాయి మొహం చూడలేదట. అతని కాగితం పట్టుకుని మా మామ దిగాడు. ఆ పూటనుంచి హాజరు పట్టీలోనూ, ఇరుగుపొరుగు నోళ్లలోనూ అతని పేరే మామకు స్థిరపడిపోయింది. తట్టా, చెమ్మసు అనే బొగ్గుపారా పట్టి ఇరవై ఏళ్లకు పైగా బొగ్గెత్తాడు, ఎత్తిందంతా ఇంకొకరి పేరు మీదే. సొంత పేరుతో పిలిచేది ఆయన తల్లి ఒక్కతే, నేను కాపురానికి వచ్చేసరికి ఆమె కూడా కాలం చేసింది.

నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగని ఆ మనిషి, మనవణ్ని ఒళ్లో వేసుకుని, "వీనికి నా పేరు పెట్టుండ్రి. అసలు పేరు. ఒక్కపారన్న ఇంట్ల ఆ పేరు వినబడాలె," అన్నాడు.

గోలేటి నుంచి వచ్చిన ఆడబిడ్డ, చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్తనే కాబట్టి, బాపు అడిగిందే పెడతానని తేల్చేసింది. నా భర్తకు మాత్రం ముచ్చెమటలు పోశాయి. మామకు ఆయాసం ముదిరి అన్‌ఫిట్ కాగితాలు నడుస్తున్న రోజులవి, ఆయన దిగిపోతే ఆ ఉద్యోగం ఈయనకు రావాలి. మనవడికి తాత పేరు పెట్టడం ఊరందరికీ తెలిసిన ఆచారమే, తొట్టెలకు వచ్చే బాయివాళ్లు ఈ కొత్త పేరు ఎవరిదని ఆరా తీయకుండా ఉంటారా? కిట్టనివాడు ఎవడో ఒక ఆకాశరామన్న అర్జీ పడేస్తే తండ్రి నౌకరీ, కొడుకు నౌకరీ రెండూ గోవిందా. అక్కా తమ్ముడూ మూడు రోజులు పోట్లాడుకున్నారు. ఒక్క ఏడాది ఆగమని ఈయన, "ఏడాది దాంక పిలగాడు పేరు లేకుంట ఉంటడారా?" అని ఆమె. మా అత్త ఎవరి పక్షమూ పట్టలేక బియ్యం ఏరుతూ కూర్చునేది, ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరేది.

నేను బాలింతను. నా భయమంతా రేపు పొయ్యి వెలుగుతుందా లేదా అనే. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసి ఆచారం చాటున దాక్కున్నాను. "మామ పేరు కోడలి నోట రావద్దంటరు. నా కొడుకును నేనేమని పిలువాలె?" అని ఇరవయ్యో నాడు అందరూ వినేలా ఏడ్చాను. మామ పేరు కొడుక్కి పెట్టిన ఇళ్లలో తల్లులు కొడుకును నాయినా అని పిలుచుకుంటారు. అది నాకూ తెలుసు, మామకూ తెలుసు. రెండో షిఫ్టుకు బయల్దేరుతూ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న ఆయన నన్నొకసారి చూసి, "పిల్లతల్లిని ఏడిపియ్యకుండ్రి. ఆమెకు నచ్చిందే పెట్టుండ్రి," అని డ్యూటీకి వెళ్లిపోయాడు. మర్నాడు ఆడబిడ్డ పంచాంగం పేరొకటి పిల్లవాడి చెవిలో చెప్పి, నాతో పలకకుండానే బస్సెక్కింది.

ఉద్యోగం వచ్చింది. ఆ ఉప్పు తిన్నాం, పిల్లలను చదివించుకున్నాం, కాదంటే కళ్లు పోతాయి. ఆరేళ్లకు మామ పోయాడు. పదో రోజున గోదావరి ఒడ్డున అయ్యగారు పేరు అడిగితే, నా భర్త చుట్టూ నిలబడ్డ బాయి దోస్తులను ఒకసారి చూసుకుని బాయి పేరే చెప్పాడు. ఆ పేరు గల అసలు మనిషి అప్పటికి ఊళ్లో నిక్షేపంగా నాగలి పట్టుకుని ఉన్నాడు. బతికున్నవాడి పేరున పెట్టిన పిండం మా మామకు చేరిందో లేదో అని నాకు ఇప్పటికీ గుబులే.

ఇప్పుడు నా భర్త రిటైరై ఇంట్లో ఉన్నాడు, అర్జీలు రాసేవాళ్లూ లేరు, మామ పేరు పలికితే తప్పని ఏ కోడలూ అనుకోవడం లేదు. పేరంటే భయపడే కాలమే పోయింది. ఆ ధైర్యంతోనే ఇందాక నా జన్మలో మొదటిసారి ఆ పేరు పైకి అన్నాను. ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. కొడుకు ఫోన్లోంచి తలెత్తి, "మంచిగనే ఉందమ్మా, ఎవరి పేరు?" అన్నాడు.

కన్న కొడుక్కి సొంత తాత పేరు తెలియనంత బాగా దాచాం మేము.