పట్టుపోగు ముడులు

మద్యనిషేధం ఉన్న రోజులవి. ధర్మవరంలో రైలెక్కినప్పటి నుంచి కిటికీ పక్కన, హిందూపురం పోతున్న నేతగాడు ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేదు. లేస్తాడు, కూలబడతాడు, చేతిలోని పట్టుపోగుకు ముడి వేస్తాడు. చూసి చూసి ఒళ్ళు మండి, ఏమిటది అని అడిగాను.

“సారా మానినా కదప్పా. నాలిక పీకినప్పుడంతా, నాకు మేలు చేసినోళ్ళను ఒకరిని తల్చుకోని ముడేస్తా. ఇది మా ఆడామెకు. చేతులు వణుకుతాయని తెలిసీ మళ్ళా నన్ను మగ్గంలో కూర్చోబెట్టినాది. ఇది మా అవ్వకు...”

పెనుకొండలో రైలు ఆగింది. స్టేషను వెనక దొంగసారా దొరుకుతుందని అందరికీ తెలుసు. అతను దిగ్గున లేచాడు.

“కాళ్ళు తీయప్పా, దిగల్ల.”

ఎదుటి బల్ల మీదికి చాచిన కాళ్ళు నేను తీయలేదు.

“హిందూపురం పోవాల్సినోడివి ఈడ యాడికి దిగుతావు? కూర్చో!” అని కసిరాను.

అతను కూర్చోలేదు. నన్ను దాటనూ లేదు. పోగును వేలికి చుట్టి బిగించాడు. కూత వేసి రైలు కదిలాక కూలబడ్డాడు. చాలాసేపటికి ఇంకో ముడి వేశాడు.

“ఇది ఎవరికి?”

“నీ కాళ్ళకప్పా.”

ఇప్పటికీ రైల్లో పక్కమనిషి కుదురు లేకుండా కదులుతుంటే, నేను చాచిన కాళ్ళు వెంటనే తీయను.