ఎడమ కాలికి పనిలేని కారు

మా మేనమామ పోయాడన్న ఫోను వచ్చేసరికి నేను దేవుడి ముందు ఒత్తి సరిచేస్తున్నాను. నిద్రలోనే వెళ్లిపోయాడట. దీపం వెలిగించి ఆయన పేరున కూడా ఒక దండం పెట్టుకున్నాను. ఆయనను తలచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు, పోయినేడు ఆదోనికి పాత కారు చూడబోయిన పొద్దు గుర్తొస్తుంది.

ఆ రోజు ఎమ్మిగనూరులో ఇంకా వెలుతురు రాకముందే మామ మా గడప ముందు నిలబడి ఉన్నాడు. తల తడి ఆరలేదు. బొరుగుల ఉగ్గాని పెడితే మిరపకాయ బజ్జీ నంజుకుంటూ, "బిరబిరా కానీండి. ఎండ పడితే బండి ఇంజనుకు కాలిందో, ఎండకు కాలిందో తెలీదు" అని తొందర పెట్టాడు.

ఆయన వెంట నేను, తమ్ముడు, చెల్లెలు బయల్దేరాం. కారు కావాల్సింది చెల్లెలికే. నేసిన చీరలు మూటకట్టి ఆదోని అంగళ్లకు తనే వేస్తుంది. ఏళ్ల తరబడి మగ్గం గుంతలో తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరిగిపోయింది. బస్సు మెట్లు ఎక్కలేదు. మామ జీపులో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది కానీ, క్లచ్ తొక్కిన ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరిగేవి. గేర్లు మార్చే పనిలేని కారైతే నడపగలనని ఆశ. తమ్ముడు ససేమిరా అన్నాడు. మామ మాట ఎటు పడితే అటు.

ఆ మాట ఎటు పడుతుందో మాకు తెలుసు. ఎమ్మిగనూరు, ఆదోని మధ్య బాడుగ జీపు నడిపి బతికినవాడు. చెప్పులు విప్పి వట్టి కాళ్లతోనే నడిపేవాడు. అరికాలికి ఇంజను మాట తెలుస్తుందనేవాడు. "గేరు మార్చకుండా బండి తోలేది, నమలకుండా అన్నం మింగినట్టు" అని ఎన్నిసార్లు అన్నాడో.

ఆదోనిలో బేరగాడు చూపించిన మొదటి కారు బానెట్ మీద, బిడ్డ నుదురు చూసినట్టు అరచెయ్యి పెట్టాడు మామ.

"ఏమప్పా, దీనికి జరమొచ్చిందా?"

"లేదన్నా, ఇప్పుడే రోంత ముందుకు జరిపినాం."

"జరిపితేనే ఇంత జరమా? ఆలూరు దాకా పోయొచ్చినట్టుండాది!"

పొద్దున్నే స్టార్టు కాని బండిని ముందే వేడిచేసి పెడతారని మాకు చెప్పి, పక్క బండి దగ్గరికి నడిచాడు. అది గేరు కారు. చల్లగా ఉంది, తాళం తిప్పగానే పలికింది. తమ్ముడి ముఖం వెలిగింది. దాని పక్కనే బెంగళూరు నుంచి వచ్చిన బూడిదరంగు ఆటోమేటిక్. అదీ చల్లగానే ఉంది, అదీ మాకు అందే ధరే.

"గేరు బండి అడిగేటోళ్లు తగ్గినారన్నా. నేర్చుకునే పిల్లోళ్లు గూడా ఇదే అడుగుతాండారు" అన్నాడు బేరగాడు.

"అయితే నేను పోయినాక గేరు రాడ్డుకు దండేస్తారేమప్పా!"

నవ్వుతూనే చెప్పులు విప్పి బూడిదరంగు కారెక్కాడు. మేమూ ఎక్కాం. ఊరు దాటి ఆలూరు రోడ్డులో మెత్తగా పోతోంది. ముందు స్పీడ్ బ్రేకర్ కనిపించింది. ఆయన ఎడమ కాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికి, దొరికిన బ్రేకును అదిమి తొక్కింది. కారు గక్కున ఆగింది. నా నోట్లో దేవుడి పేరు సగంలో తెగింది. తమ్ముడి నుదురు ముందు సీటుకు కొట్టుకుంది.

"ఎవురూ సావలేదు కదా?" అన్నాడు మామ.

రెండోసారీ అంతే. మూడోసారి ఎడమ కాలును సీటు కిందికి లాక్కుని, కుడికాలితోనే చాలా దూరం నడిపాడు. చేల పక్కన ఆపి దిగి, చెల్లెలి తలుపు తీశాడు.

"రామ్మే. ఈడ కూర్చో."

"నా మోకాలు, మామా..."

"దానికి ఈడ ఉద్యోగం లేదు. రా."

తమ్ముడు ఊరుకోలేదు. "నమలకుండా మింగేదని నువ్వే కదా మామా అంటాంటివి?"

"పండ్లు లేనోల్లు పస్తుండాల్నేమిరా?"

చెల్లెలు స్టీరింగు పట్టుకుంది. మొదట నడకలా, తర్వాత పరుగులా పోయింది కారు. పత్తి ట్రాక్టరును దాటినప్పుడు చెల్లెలు చిన్నపిల్లలా కేక పెట్టింది. "అక్కా, నొప్పి లేదక్కా!" అని అంటూనే ఉంది. నేను వెనకనుంచి దాని భుజం పట్టుకున్నాను. మామ తాను ప్రేమించిన పనిని పక్కనపెట్టి దాని మోకాలిని చూశాడు. అలా చూడగలగడమే నేను రోజూ దేవుణ్ని అడిగేది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరం కూర్చున్నాం. చెడితే ఈ చుట్టుపక్కల బాగుచేసేవాళ్లు లేరని తమ్ముడు చివరిసారిగా అడ్డుచెప్పాడు. కర్నూలుకు తాను తీసుకుపోతానన్నాడు మామ. బూడిదరంగు కారే కొనాలని, చెల్లెలి పేరునే రాయించాలని, గురువారం మొదట మంత్రాలయం పోవాలని నిర్ణయించాం. నడిపేది చెల్లెలు, పక్కన తమ్ముడు. ముందు సీటు తప్ప ఎరగని మామ, నాతోపాటు వెనక కిటికీ దగ్గర కూర్చుంటానన్నాడు.

"ఇన్నేళ్లూ రోడ్డే సూసినా. ఈసారి సేన్లు సూస్తా."