ఫెయిల్ మెమో సాక్ష్యం

కొండగట్టు అంజన్న మీద ఒట్టు. మా ఇంట్లో ఆడిన నాలుగు సాంచాల మీద, అంటే బయటివాళ్ళు మరమగ్గాలంటారే, వాటి మీద ఒట్టు. అదీ చాలకపోతే నా నోట్లో ఇంకా మిగిలివున్న ఇరవై తొమ్మిది పండ్ల మీద ఒట్టు. ఇప్పుడు రాయబోయేదాంట్లో ప్రతి మాటా నిజం. ఇంత గట్టిగా ఎందుకు ఒట్టేస్తున్నానంటే, సిరిసిల్లలో నన్నెరిగినవాళ్ళు నేను వాన పడుతోందన్నా సరే, ఒకసారి బయటికొచ్చి చెయ్యి చాచి చూసుకుంటారు.

కర్ణాటకలో ఒక కాలేజీలో పండ్ల డాక్టరు చదువుకని చేరి, మొదటి ఏడాదే రెండుసార్లు తప్పాను. మొదటిసారి ఇంకొందరితో పాటు, రెండోసారి ఒక్కణ్ణే. నన్ను ముంచింది పుస్తకం కాదు, మైనం. సబ్బుబిళ్ళంత మైనం దిమ్మ చేతికిచ్చి, చిన్న కత్తితో దాన్ని చెక్కి పై దవడ పన్ను తియ్యమంటారు. నాలుగు మొనలుండాలి, మూడు వేర్లుండాలి, ఏ పక్క పన్నో చూడగానే తెలియాలి. నేను చెక్కినదాన్ని మా మేడమ్ కిటికీ దగ్గర వెలుగుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, ఇది ఏ జంతువుదని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

మా బ్యాచ్‌లో నాకంటే ముందే ముగ్గురు పరుపులు చుట్టుకుని వెళ్ళిపోయారు. ఒకడు మామ ఎరువుల దుకాణంలో కూర్చున్నాడు, ఒకడు పెళ్ళి చేసుకున్నాడు, ఇంకొకడు మళ్ళీ ఇంటర్ పుస్తకాలు తెరిచాడు. వాళ్ళ ఊళ్ళలో ఫెయిలైతే ఫెయిలైనట్టే. మా జిల్లాలో ఆ రోజుల్లో అట్లా కాదు. చదువుకునే పిల్లగాడు కాలేజీలో కనపడకుండా పోయాడంటే మావాళ్ళకు ఒకటే అర్థం: లోపలికి పోయిండు. లోపలంటే అడవి, నక్సలైట్లలోకి, అన్నల దగ్గరికి. ఫెయిలయ్యాడేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. అంత చిన్న సంగతికి అప్పట్లో మా దగ్గర చోటు లేదు.

సిరిసిల్లలో మా బాపు నన్ను అప్పటికే డాక్టరును చేసేశాడు. వీధిలో ఎవరికి పన్ను సలిపినా, మావాడు సెలవులకు రానీ, చిటికెల తీస్తడని చెప్పి ఆపి ఉంచాడు. అంతమంది వాచిన దవడల మధ్యకు నేను ఏ మొహంతో వెళ్ళేది? ఫెయిల్ మెమోను నోట్‌బుక్కు అట్ట లోపల పెట్టి అంటించాను. మిగిలిన మైనం దిమ్మలు, కత్తి, పండ్ల అచ్చులు పోసే తెల్ల పౌడరు, ఒక తీగచుట్ట సంచిలో వేసుకుని, ఇంటికి పోకుండా కోరుట్లలో అక్క దగ్గర దిగాను.

అక్క చాటలో ఆకులు పెట్టుకుని బీడీలు చుడుతూనే అడిగింది.

"ఎన్ని దినాల సెలవులురా?"

"మా కాలేజీల సెలవులు ఎక్కువుంటయక్కా. పీకిన పండ్లు మల్ల మొలవాలె గదా."

"ముసలోళ్ళయి మొలుస్తయారా?"

"గందుకే ఆలస్యమైతున్నది."

అక్క నవ్వలేదు. ఆకు కత్తిరించడం ఆపి నా సంచి వైపు చూసింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరూ నా సంచి వైపే చూడటం మొదలుపెట్టారు.

బావ బస్టాండు దగ్గర టైలరు. నాతో నేరుగా మాట్లాడడు. నేను వింటుండగానే అక్కతో అంటాడు: "మీ తమ్మునికి జెప్పు, గా తీగ గిట్ల బయట పడెయ్యద్దని." నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. పక్కింటివాళ్ళు నేను గడప దాటగానే మాట మార్చేవారు. నేను వెళ్తుంటే ధరల గురించి, వానల గురించి మరీ గట్టిగా మాట్లాడుకునేవారు. బస్టాండులో చాయ్ అమ్మే ఆయన వయసులో నాకు రెండింతలుంటాడు. ఒకరోజు ఆయన నాకు గ్లాసు ఇస్తూ లేచి నిలబడ్డాడు.

"తాగుండ్రన్నా. పైసలెందుకన్నా, ఉండనియ్యుండ్రి."

నేనెవరనుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది. ఆ క్షణంలోనే, అయ్యా నేను ఫెయిలైనోణ్ణి అని చెప్పాల్సింది. చెప్పలేదు. కాలేజీలో పురుగులా తీసిపారేసిన నన్ను చూసి ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. గ్లాసు అందుకుని, అటూ ఇటూ చూసి, గోడకు వీపు ఆనించి మాట్లాడకుండా తాగి వెళ్ళిపోయాను. మరునాడూ అంతే. ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడలేదు. ఊరికే వెనక్కి తిరిగి చూస్తూ నడిచేవాణ్ణి.

అట్లా నడిచేవాడు అన్న అయినా కావాలి, మఫ్టీలో ఉన్న పోలీసైనా కావాలి. ఆ రెండో సంగతి నాకు తట్టలేదు. నాలుగో నెలలో ఒక మనిషి సైకిల్ మీద బావ దగ్గరికి వచ్చి, చొక్కా కొలతలిచ్చి, తీరిగ్గా అడిగాడట: "మీ బామ్మర్ది ఏ డిపార్ట్‌మెంటు?" చొక్కా గుడ్డ ఇవ్వకుండానే వెళ్ళిపోయాడట. ఆ రోజుల్లో పోలీసు మనిషన్న పేరు పడితే అన్నలు ఏం చేస్తారో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. బావ ఇంటికొచ్చి మొట్టమొదటిసారి నాతో నేరుగా మాట్లాడాడు.

"నువ్వు గాళ్ళ దిక్కో, గీళ్ళ దిక్కో నాకు తెల్వద్దు. తెలుసుకోను గూడ. రేపు పొద్దుగాల బస్సెక్కు బామ్మర్దీ."

ఎక్కాను. బస్సు జగిత్యాల చేరకముందే పోలీసులు ఆపి సంచులు దులిపించారు. నా సంచి తెరిచిన కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి దూకాడు.

"సార్! బాంబు మందు! తీగ గూడ ఉన్నది!"

"మందు కాదన్నా, గది నోట్ల పండ్లకు అచ్చు పోసే పౌడరు."

"మరి గీ కత్తేంది?"

"మైనం చెక్కనీకి."

"మైనమెందుకు?"

"పన్ను చెయ్యనీకి."

నిజం ఒక్కోసారి ఎంత చేతగాని అబద్ధంలా వినపడుతుందో నాకు అక్కడే తెలిసింది.

ఠాణాలో ఎస్సై కోస్తా మనిషి. నెమ్మదస్తుడు, అందుకే ఎక్కువ భయమేసింది. కాలేజీ వదిలి ఇక్కడేం చేస్తున్నావని అడిగితే, సెలవులన్నాను. ఆయన కాలేజీకి ట్రంకాల్ చేయించాడు. నాలుగు నెలల కిందటే హాస్టల్ ఖాళీ చేశాడని వాళ్ళు చెప్పారు. మెమో తీసి చూపిస్తే సరిపోయేది. కానీ చూపిస్తే బాపుకు తెలుస్తుంది. ఒక పూట కూర్చోబెట్టి వదిలేస్తారులే అనుకుని ఊరుకున్నాను. వాళ్ళేమో సిరిసిల్లకు వైర్‌లెస్‌లో కబురు పెట్టి, మరునాటికి బాపునే పిలిపించారు.

బాపు జుట్టులో ఇంకా సాంచాల దూది అట్లాగే ఉంది. సాంచా ఆపి ఉన్నపాటున వచ్చినట్టున్నాడు. నా వైపు చూడలేదు.

"పెద్దాయనా, మీవాడు నాలుగు నెలలు ఎక్కడున్నాడో మీకు తెలుసా?" అని ఎస్సై అడిగాడు.

బాపు జుట్టులోని దూది ఏరుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పకపోతే నేను పైవాళ్ళకు అప్పగించాలి. తర్వాత నా చేతిలో ఉండదు."

పైవాళ్ళకు అప్పగించడమంటే ఏమిటో బాపుకూ తెలుసు, నాకూ తెలుసు. సంచిలోంచి నోట్‌బుక్కు అడిగి తీసుకుని, అట్ట చింపి, మెమో తీసి బల్ల మీద పెట్టాను. తల దించుకున్నాను. ఎస్సైకి భయపడి కాదు.

ఆయన చదివాడు. అనుమానంగా సీలు గీకి చూశాడు. "ఇలాంటి కాగితాలు ఎవరైనా కొట్టిస్తారు" అని, నా మైనం దిమ్మ, కత్తి నా ముందుకు తోశాడు. "చెక్కు."

హెడ్ కానిస్టేబుల్‌ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాడు. అది నమూనా. గంటసేపు చెక్కాను. ఆయన దవడ పట్టేసి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను చెక్కినదాన్ని ఎస్సై తీసుకుని, టార్చి వేసి ఆ నోటిలోకి చూశాడు, మళ్ళీ దాన్ని చూశాడు, మళ్ళీ నోటిలోకి చూశాడు.

"సార్, నాయి గట్లున్నయా?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ భయంగా.

"లేవులే, నోరు మూసుకో." తర్వాత బాపు వైపు తిరిగాడు. "మీరేమంటారు? మీవాడు ఫెయిలయ్యాడా?"

మెమో ఇంగ్లీషులో ఉంది. బాపుకు ఇంగ్లీషు రాదు. కాగితాన్ని చేతిలోకి తీసుకుని అక్షరాల మీద వేలు నడిపించి తలెత్తాడు.

"ఫెయిలైండు సారూ. నాకు ముందుగాలనే ఎర్క. చిన్నప్పటి సంది మొద్దే. ఒక్క ముక్క తలకెక్కది. నాకు మొకం జూపలేక అక్క కాడ దాసుకున్నడు."

అంత గట్టిగా, అంత స్పష్టంగా మా బాపు మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. వాళ్ళు అదే మాట కాగితం మీద రాస్తే కింద సంతకం పెట్టాడు. తన కొడుకు చదువులో తప్పాడని మా బాపు పోలీసులకు రాసిచ్చాడు. ఆ సంతకంతో నన్ను వదిలేశారు.

వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. మల్యాల దాటేదాకా బాపు కిటికీలోంచి మొక్కజొన్న చేన్లు చూస్తూ కూర్చున్నాడు. తల ఎత్తే ధైర్యం నాకు లేదు. అప్పుడు నా చెవి దగ్గరికి వంగాడు.

"కాగితం మంచిగ చేపిచ్చినవ్‌రా. సీలు గూడ కొట్టిండ్రు. ఎవలు జేసిచ్చిండ్రు?" నేను నోరు తెరిచేలోగానే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు, వద్దు, చెప్పకు. నాకు తెల్వద్దు." మళ్ళీ వంగాడు. "పన్ను గూడ కావాలనే ఖరాబు చేసినవ్ గదా? నేను సూసిన. గంత చదివినోనికి గట్లెందుకు అస్తది?"

నేను అన్నల్లోనే ఉన్నానని, నన్ను కాపాడటానికి ఠాణాలో తాను అబద్ధమాడానని ఆయన అనుకుంటున్నాడు. ఆయన ఆడిన అబద్ధం అక్షరాలా నిజమని నేను చెప్పాను. బాపూ, నిజంగనే ఫెయిలైన, రెండుసార్లు, అని చెప్పాను. ఆయన చాలాసేపు నన్ను చూసి, భుజం మీద చెయ్యి వేసి, పోనీరా, సాంచా నడుపుకుందువు అన్నాడు.

ఇప్పుడు ఒట్టు సంగతి. మైనం నిజం. మెమో నిజం, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తెరిచిన నోరు కూడా నిజమే, మీరు నమ్మకపోయినా. నేను కల్పించింది ఈ పైన చివర రాసిన మూడు వాక్యాలే. బస్సులో బాపుకు నేను నిజం చెప్పలేదు. నేనన్నది ఇంతే: "మెల్లగ మాట్లాడు బాపూ, ముందటోళ్ళు వింటరు."

ఆయన తలూపి అటు తిరిగి కూర్చున్నాడు. ఊరికి వచ్చాక, మావాడు ఫెయిలైండని వీధి వీధంతా తిరిగి ఆయనే చెప్పాడు. అంత గర్వంగా ఆ మాట చెప్పిన తండ్రిని నేను ఇంకెక్కడా చూడలేదు. నేను సాంచాలు నడిపాను, పెళ్ళి చేసుకున్నాను, పొట్ట పెంచాను. అయినా ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తాను చనిపోయేదాకా అన్నం వేళ నా కంచం మాత్రం పెరటి తలుపు పక్కనే పెట్టించాడు. ఆ తలుపుకు గడియ పెట్టనిచ్చేవాడు కాదు.