ఐసొలేషన్ గదిలో దిష్టి నీళ్లు

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరింట్లోనైనా పొద్దున్నే వినిపించే మొదటి మాట "ఇవాళ బస్సులున్నాయా?" అనే. తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదుంది. సమ్మె అంటే ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీదే వంటావార్పూ. మా అమ్మేమో గుంటూరు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా టీవీ ముందు కూర్చుని "ఇవాళ్టికి మానేయవే" అని ఒకటే గొణుగుడు. మానేయడమా? మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసి, చైతన్యపురి సందులో ఒక చిన్న నర్సింగ్‌హోంలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ ఉద్యోగం సంపాదించినదాన్ని. నేను వెళ్లకపోతే అక్కడ క్రిములన్నీ పండగ చేసుకుంటాయని నా గట్టి నమ్మకం. (నేను చేరకముందు కూడా ఆ ఆసుపత్రి నడిచిందన్న సంగతి నాకెవరూ గుర్తుచేయలేదు. పాపం, మంచివాళ్లు.)

ఆ ఏడు స్వైన్ ఫ్లూ భయం మళ్లీ మొదలైంది. దొరికిన ప్రతివాళ్లకీ పాఠం చెప్పేదాన్ని. ఈ కొత్త క్రిమికి పైన కొవ్వు పొర ఉంటుంది, క్లోరిన్ ద్రావణం తగిలితే అది చిరిగి క్రిమి చస్తుంది. కానీ క్లోరిన్‌కు క్రిమి ఏదో మురికి ఏదో తెలియదు. ముందు ఏది ఎదురైతే దానిమీద పడి అక్కడే ఖర్చయిపోతుంది. కాబట్టి ముందు సబ్బునీళ్లతో కడగాలి, ఆ తర్వాతే ద్రావణం పూయాలి, పూశాక పది నిమిషాలు తడిగా వదిలేయాలి. ఈ చివరి ముక్క దగ్గరే గొడవంతా. మా ఆయా, నేను ఫినాయిలక్క అని పేరు పెట్టిన మనిషి, నేనలా పూసి వెనక్కి తిరిగేలోగా పొడిగుడ్డతో తుడిచేసేది. "తడి ఉంటె మంది జారి పడ్తరు మేడం. అయినా ఫినాయిల్ వాసన రాంది సాఫ్ అయిందని ఎట్ల ఎర్కైతది?" అనేది. పెద్ద డాక్టరు గారు కూడా ఆవిడ పక్షమే.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఫినాయిలక్క పొద్దుటి నుంచీ ఆసుపత్రి అంతా తిరిగి మంచాల కడ్డీలకు, సెలైన్ స్టాండ్లకు, ఆక్సిజన్ సిలిండరుకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. నా స్ప్రే సీసాకు కూడా పెట్టింది. నేను మురిసిపోయి దానికి దండం కూడా పెట్టుకున్నాను.

మర్నాడు బస్సుల్లేవు, సిబ్బందిలో సగం మంది రాలేదు. పెద్ద డాక్టరు గారు కేకేశారు. "అమ్మాయ్, బడంగ్‌పేట్ నుంచి ఆటోలో ఒక కేసు వస్తోంది. ఐదో నెల గర్భిణి, జ్వరం, ఆయాసం. స్వైన్ ఫ్లూ లాగే ఉంది. ఐసొలేషన్ గది సిద్ధం చెయ్యి. ఇక్కడ కాకపోతే ఆ పిల్లను ఊరికి ఆ చివరున్న పెద్దాసుపత్రికి పంపాలి, దారిలో ఎక్కడ ఆపేస్తారో తెలీదు." నేను మాస్కూ గ్లవ్జులూ బిగించి, హడావుడిగా మంచానికీ కడ్డీలకీ ద్రావణం కొట్టేశాను. అంతమందికి పాఠం చెప్పినదాన్ని, కడగలేదేం అంటారా? గది నిన్ననే కడిగారు మరి. పైన ఉన్నది పసుపు. పసుపును మురికి అనుకోవాలని ఏ తెలుగు ఆడపిల్లకైనా తోస్తుందా?

ద్రావణం తగలగానే పసుపు ఎర్రబడింది. కడ్డీల మీద నుంచి ఎర్రటి చారలు కారి కింద తెల్ల టైల్స్ మీద పడుతున్నాయి. సరిగ్గా అప్పుడే ఆ పిల్లను చక్రాల కుర్చీలో తోసుకుంటూ వాళ్లమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఓయమ్మో! గీ నెత్తురేంది? గీ అర్రల ఎవరో సచ్చిండ్రు! నా బిడ్డను గిండ్ల పండవెట్ట. పా బిడ్డా, పోదాం పా!"

ఆ పిల్ల పోయే స్థితిలో లేదు. రెండు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగుతోంది. నేను క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందంటూ పాఠం మొదలుపెట్టాను. ఆ తల్లి నా మాట వినకుండా కుర్చీని వెనక్కి తిప్పేసింది. పెద్ద డాక్టరు గారు నా వైపు చూసిన చూపుకి ఇక ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఇంకేం చేయాలో తోచక పూజ పళ్లెంలోంచి చిటికెడు పసుపు తెచ్చి, ప్లాస్టిక్ గ్లాసులో ద్రావణం పోసి, ఆవిడ కళ్ల ముందే కలిపాను. ఎర్రగా మారింది.

ఆవిడ గ్లాసులోకి వంగి చూసింది. "గివి దిష్టి నీళ్లే గద!" అంది. మొహం విప్పారింది. "పసుపు, సున్నం. గట్ల చెప్పాలె గద బిడ్డా, ఊకె పరేషాన్ చేస్తివి." అంటూనే నా చేతిలోంచి గ్లాసు లాక్కుని కూతురి తల చుట్టూ తిప్పబోయింది.

"వద్దమ్మా! అది సున్నం కాదు, కళ్లల్లో పడితే మండిపోతుంది!" నా కేక సందు చివరిదాకా వినిపించి ఉంటుంది. ఫినాయిలక్క గ్లాసు అందుకుని పారబోసి, తన తమలపాకుల సంచిలోంచి సున్నం తీసి అసలైన దిష్టి నీళ్లు కలిపి ఇచ్చింది. వరండాలో ఆ పిల్లకు ఆక్సిజన్ పెట్టారు, డాక్టరు గారు నాడి పట్టుకుని నిలబడ్డారు, దిష్టి మొదలైంది. నేను లోపలికి పరిగెత్తి ఈసారి సబ్బునీళ్లతో పసుపంతా కడిగి, మళ్లీ ద్రావణం పూశాను.

"ఇంక తుడిచేసి పిల్లను తీసుకురా" అన్నారు డాక్టరు గారు.

"పది నిమిషాలు తడిగా ఉండాలండీ" అన్నాను, మంచానికి అడ్డంగా నిలబడి.

ఆయన ఏదో అనబోయారు. కానీ వరండాలో ఆ తల్లి ఇంకా అత్తగారి దిష్టి దగ్గరే ఉంది. తర్వాత ఆడబిడ్డ దిష్టి, ఎదురింటోళ్ల దిష్టి, ఆటో ఆయన దిష్టి, ఆఖరికి పందిజ్వరం దిష్టి. మధ్యలో ఆపమనే ధైర్యం డాక్టరు గారికి కూడా లేకపోయింది. నేనక్కడ చేరాక మొట్టమొదటిసారి ఆ మంచం కావలసినంత సేపు తడిగా ఉంది.

ఆ పిల్ల కోలుకుంది. పరీక్షలో స్వైన్ ఫ్లూ అనే తేలింది, మందులు పనిచేశాయి, కడుపులో బిడ్డ క్షేమం. ఇంటికి వెళ్లేరోజు ఆ తల్లి డాక్టరు గారికి దండం పెట్టి, నా దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుంది. "నీ దిష్టి నీళ్లు మంచిగ పనిచేసినయ్ బిడ్డా."

అది హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణమనీ, దిష్టికీ దానికీ సంబంధం లేదనీ చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల తల్లిని పిలుస్తూ, నవ్వుతూ, ఎక్కడా ఆయాసానికి ఆగకుండా మాట్లాడుతోంది. నోరు మూసుకున్నాను. ఆ వయసులో నేను పాఠం చెప్పకుండా వదిలిన మనిషి ఆవిడొక్కతే. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు అదే పాఠాన్ని నాకే వల్లె వేస్తుంటే విని తలూపుతూ, ప్రపంచంలోని క్రిములన్నీ తన ఒక్కదాని స్ప్రే సీసాకే భయపడుతున్నాయని నమ్మిన ఆనాటి అమ్మాయిని తలుచుకుని నవ్వుకుంటాను. అంత ధీమా మళ్లీ నాకు దేని మీదా కలగలేదు.