అద్దాల మేడ మీద కన్ను

అమలాపురంలో కాలేజీ లెక్చరర్ ఉద్యోగం మానేస్తానంది మా అమ్మాయి. సోమవారమే రాజీనామా. వీడియో గేముల్లో శత్రువులు సొంతంగా ఆలోచించేలా సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో చేరుతుందట. శత్రువుకి తెలివి నేర్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని నాకు ఒళ్లు మండింది.

అప్పటికే సెలవురోజుల్లో ఇంటి నుంచి వాళ్లకి కొంత పని చేస్తోంది. కూర్చునేది కొబ్బరికాయలు రాశిపోసిన గదిలో. కంప్యూటర్‌లో మాత్రం పిల్ల వెనక అద్దాల మేడ, మేడ మీద కంపెనీ గుర్తు: ఆటాడే రిమోటు, దాని మధ్యలో తెరిచిన కన్ను. మీటింగులో అందరూ వెనక అదే బొమ్మ పెట్టుకోవాలట. పిల్ల కాస్త కదిలితే భుజం పక్కన ఓ కొబ్బరికాయ తొంగిచూసేది.

"మన గది దాచడం దేనికే? వాళ్లేం దాస్తున్నారో!" అన్నాను.

"అమ్మా, అది ఉత్త బొమ్మే."

బొమ్మలు నాకు కొత్త కాదు. మా ఆయన గల్ఫ్ వెళ్లేముందు ఏజెంటు చూపించిందీ ఇలాంటి మేడ ఫోటోనే. తీరా దిగితే రేకుల షెడ్డు. ఆ కోపం నాకింకా చల్లారలేదు. అందుకే పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టే కంపెనీకీ చేశాను. వాళ్లది ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితే పిల్ల తల పట్టుకుంది. హైదరాబాదులో ఉండే మా తమ్ముణ్ణి కంపెనీ అడ్రసుకి పంపాను.

"మేడా లేదు, బోర్డూ లేదక్కా. ఒక్క గది, దానికీ తాళమే. అందరూ ఇళ్ల దగ్గర్నుంచే చేస్తారంట," అన్నాడు ఫోన్లో.

ఇంకేముంది, అనుకున్నంతా అయింది. ఆదివారం మీటింగులోనే కడిగేద్దామని గదిలోకి వెళ్లి పిల్ల వెనక నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే వాళ్ల టీమ్ లీడరు వెనకున్న మేడ చెదిరి, టీ గ్లాసుతో ఒక పెద్దావిడ కనిపించింది. అతని తల్లట. అతను ఛార్జరు కోసం లేచి వెళ్లగానే ఆవిడ వంగి నన్ను చూసింది. ఆవిడ కంటికి నేను అద్దాల మేడలో నిలబడి ఉన్నాను మరి.

"మేడం గారూ, కంపెనీ మీదేనా అండీ?" అని గొంతు తగ్గించింది. "మావాడు బ్యాంకు ఉద్యోగం మానేసి ఇందులో చేరేడండీ. ఆఫీసు చూపించరా అంటే చూపించడు. నమ్మొచ్చంటారా అండీ?"

మా అమ్మాయి మొహం పాలిపోయింది. నా వైపే చూస్తోంది. ఆవిడ కళ్లలో నా భయమే కనిపించింది.

"ఆయ్, నమ్మొచ్చండీ," అన్నాను.

మర్నాడు పిల్ల రాజీనామా ఇచ్చొచ్చింది. వద్దనడానికి ఇక నాకు నోరెక్కడిది?