కొండబాట మీద కునుకు

హాస్పిటల్లో ఆమెను అందరూ లాండ్రీ అక్క అనేవారు. డాక్టర్లూ అలాగే పిలిచేవారు, నేల తుడిచేవాళ్ళూ అలాగే పిలిచేవారు. కింది అంతస్తులో, కిటికీలు లేని పొడుగాటి గదిలో ఆమె పని. పైనున్న వార్డుల నుంచి మాసిన దుప్పట్లు మూటలు మూటలుగా దిగుతాయి. ఉతికి పిండిన వాటిని ఇద్దరు చెరో అంచూ పట్టుకుని, సలసల కాగే రోలర్ల మధ్యకి తోయాలి. అవతలి వైపు వేడిగా బయటికొచ్చిన వాటిని మడతపెట్టి బండిలో పేర్చాలి. పొద్దుటి నుంచీ నిలబడే చేయాలి. వారం గడిచేసరికి మోకాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు ఉండేవి.

వారానికి ఒక్కరోజు సెలవు. ఆ రోజు తనకేం కావాలో ఆమెకు బాగా తెలుసు. తలుపు మూసి, ఎవరూ లేపకుండా, మధ్యాహ్నం దాకా నిద్రపోవాలి. కానీ ఆ ఇంట్లో సెలవంటే కొండ.

ఈ యావ ఆమె భర్తది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఊరవతల కొండల మీదుగా ఒక నడకబాట పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలంటే నెలలు పడతాయి. బస్సు డ్రైవరుకి నెలల తరబడి సెలవెవరిస్తారు? అందుకని ఆయనొక ఉపాయం కనిపెట్టాడు. ఆ బాటకు అక్కడక్కడ రోడ్లు అడ్డం వస్తాయి. ఒక రోడ్డు పక్కన పాత వ్యాన్ ఆపి, పిల్లలతో నడవగలిగినంత దూరం నడిచి, మళ్ళీ వ్యాన్ దగ్గరికి తిరిగి రావడం. పై సెలవుకి అవతలి రోడ్డు నుంచి ఎదురు రావడం. అలా ముక్కలు ముక్కలుగా బాటంతా పూర్తి చేయొచ్చని ఆయన నమ్మకం.

"అంటే ప్రతి ముక్కా రెండుసార్లు నడవాలన్నమాట," అంది ఆమె మొదట్లోనే.

"రెండోసారి దిగుడే కదా!" అన్నాడాయన, అదేదో బంపర్ బహుమతి అయినట్టు.

దిగేటప్పుడే మోకాళ్ళు ఎక్కువ పీకుతాయని, రోజంతా కూర్చుని పనిచేసే మనిషికి ఏం చెబుతుంది? చెప్పలేదు. గుడ్లు ఉడకబెట్టింది, రొట్టెలకు వెన్న రాసింది, వాళ్ళ వెనకాల నడిచింది. రెండేళ్ళుగా నడుస్తూనే ఉంది. ముందు ఆయన, ఆయన వెనక పెద్దది, దాని వెనక బుడ్డోడు, అందరికన్నా వెనక ఆమె. పెద్దదానికి పదకొండేళ్ళు, ముక్కు మీద కోపం. బుడ్డోడికి ఐదు. దారిలో కనిపించిన ప్రతి రాయినీ జేబులో వేసుకుని, జేబులు బరువయ్యాయని ఏడ్చే రకం. ఆ రాళ్ళు చివరికి ఆమె సంచిలోకే చేరేవి.

ఒక సెలవురోజు అందరూ బూట్లు వేసుకుని బయల్దేరబోతుంటే డిపో నుంచి ఫోనొచ్చింది. ఎవరో డ్రైవరుకి జ్వరమట, ఈయన వెళ్ళాలి. ఆయన యూనిఫాం చొక్కా తొడుక్కుంటూ భార్య వైపు చూశాడు.

"నువ్వు తీసుకెళ్ళరాదూ? పాపం, తయారై కూర్చున్నారు."

హమ్మయ్య, ఇవాళ కాస్త నడుం వాలుద్దామని ఆమె అప్పటికే మనసులో మంచం కూడా దులిపేసుకుంది. గుమ్మంలో బుడ్డోడు సంచి తగిలించుకుని నిలబడి ఉన్నాడు. వ్యాన్ తాళాలు అందుకుంది.

కొండ మీద మంచు దిగి ఉంది. రాళ్ళన్నీ తడి. పెద్దది ముందు నడుస్తోంది. ఆమె బుడ్డోడి చెయ్యి పట్టుకుని వెనకాల.

"అక్కడ జారుతుందే, చూసుకో."

"సరే."

"అంచుకి పోకు."

"పోవట్లేదు."

"ఆ వేరు చూడు, తట్టుకుంటావ్."

పెద్దది గిర్రున తిరిగింది. "అమ్మా! నాకూ కళ్ళున్నాయి! ఇంటి దగ్గర్నుంచీ చెవిలో జోరీగలాగా!"

"ఎవర్నే జోరీగ అంటున్నావు?"

 అది మూతి ముడుచుకుని విసవిసా పైకి నడిచి మలుపు తిరిగింది. ఆమె పిలవలేదు. పిలిచే ఓపిక లేదు. ఆ మలుపు అవతలే అలిగి నిలబడి ఉంటుందిలే అనుకుంది.

మలుపు దాటితే పిల్ల లేదు. అక్కడ దారి రెండుగా చీలింది. ఒకటి పైకి, ఒకటి పక్కగా లోయలోకి. పై దారిలో ఒక బండ మీద బాటకు గుర్తుగా పూసిన పసుపు గీత ఉంది. కానీ కోపంగా ఉన్న పిల్ల గీతలు చూసుకుంటుందా? ఆమె గొంతు చించుకుని పిలిచింది. ఆ మంచులో తన కేక తనకే దూదిలో కుక్కినట్టు వినిపించింది.  బుడ్డోణ్ణి వీపున ఎక్కించుకుని పసుపు గీత వెంట పైకి పరుగులాంటి నడక మొదలెట్టింది.

"అమ్మా, అక్క తప్పిపోయిందా?"

"నోర్ముయ్."

వాడు మెడ చుట్టూ చేతులు బిగించి ఏడుపు లంకించుకున్నాడు. ఆమెకూ ఏడవాలనే ఉంది, కానీ ఊపిరి చాలడం లేదు. తప్పు దారి పట్టానేమో, వెనక్కి వెళ్ళి కింది దారిలో చూడాలేమో అని ఆగి ఆలోచిస్తుండగా, వీపున పెద్ద మూటతో గడ్డం ఉన్న ఒకాయన పైనుంచి దిగుతూ కనిపించాడు. నెలల తరబడి బాట మొత్తం నడిచే మనుషుల్లో ఒకడు.

"ఎర్ర స్వెట్టరు పాప కనిపించిందాండీ?" ఆయాసపడుతూ అడిగింది.

"పైన గుడిసె దగ్గర కూర్చుందమ్మా. వెనకాల మా అమ్మ వస్తోంది, తనకి కాళ్ళ నొప్పులు, కంగారు పెట్టకండి, నేనిక్కడే ఉన్నానని చెప్పండి అంది."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కాళ్ళ నొప్పులని దీనికెవరు చెప్పారు? ఇంట్లో ఎప్పుడైనా నోరు తెరిచి అన్నదా తను?

అది నడిచేవాళ్ళు వాన వస్తే తలదాచుకోవడానికి కట్టిన చెక్క గుడిసె. లోపల ఒక బల్ల, గుమ్మం పక్కన అరుగు. అరుగు మీద పెద్దది బిక్కమొహం వేసుకుని కూర్చుంది. దొరికితే చెంప పగలగొడదామనే అనుకుంటూ వచ్చింది ఆమె. తీరా చూశాక చెయ్యి లేవలేదు. బుడ్డోణ్ణి దించి, లోపలికి వెళ్ళి, "ఒక్క నిమిషమే, కూర్చుంటా" అని బల్ల మీద కూర్చుంది. కూర్చున్నది కాస్తా ఒరిగింది. ఆ తర్వాత ఆమెకేమీ తెలీదు.

మెలకువ వచ్చేసరికి మంచు విడిపోయి గుమ్మంలో ఎండ పడుతోంది. కాళ్ళకి బూట్లు లేవు, ఎవరో విప్పి పక్కన పెట్టారు. ఒంటి మీద ఎర్ర స్వెట్టరు కప్పి ఉంది. గుమ్మానికి అడ్డంగా బుడ్డోడు మఠం వేసుకుని కూర్చున్నాడు. బయట గడ్డి మీద నలుగురైదుగురు మగవాళ్ళు ఏదో తింటున్నారు. ఒకాయన కవరు గరగరలాడించాడు. బుడ్డోడు వేలు పెదాల మీద పెట్టుకుని ఉరిమి చూశాడు.

"ష్! మా అమ్మ పడుకుంది అన్నానా?"

అంతెత్తు మనిషి తప్పుచేసినవాడిలా కవరు మెల్లగా కింద పెట్టాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముకలు కూడా నొప్పెట్టాయి.

పెద్దది వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది. రొట్టెలన్నీ వాళ్ళిద్దరూ తినేశారట, ఆమె కోసం ఒక గుడ్డు మిగిల్చారట. అది ఒలిచి చేతిలో పెడుతూ, తల్లి ముంజేతి మీద రోలర్ కాల్చిన మచ్చలు చూసింది.

"అమ్మా, నీకు ఈ నడక ఇష్టం లేదు కదూ?"

"ఇష్టమా కాదా అని నేనెప్పుడూ ఆలోచించలేదే. మీరంతా వస్తున్నారని వస్తున్నా."

"నాకు ఇష్టమే. బుడ్డోడికీ ఇష్టమే. నువ్వొక్కదానివే ఉసూరుమంటూ వెనకాల నడుస్తావు. ఎప్పుడు వెనక్కి తిరిగినా నీ మొహం అలాగే ఉంటుంది. అందుకే తిరగను."

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. మిగిలిన గుడ్డు నోట్లో వేసుకుంది. అబద్ధం ఎలాగూ కాదు.

ఆ రోజు ఇంకా ముందుకు పోలేదు, అక్కణ్ణుంచే దిగిపోయారు. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుండగానే ఆయన అడిగాడు.

"ఎంతదాకా వెళ్ళారు?"

"గుడిసె దాకా."

"అంతేనా? కనుమ దాకా పోవాల్సింది కదా!"

ఆమె చేతిలోని బూటు గోడకేసి కొట్టింది. అంత కోపం తనలో ఉందని ఆమెకే తెలీదు. "మనిషి ఒళ్ళు హూనమై ఇంటికొస్తే ఎంతదాకా అని అడుగుతావా? రెండేళ్ళలో ఒక్కసారన్నా నేను కంటినిండా నిద్రపోయానా?"

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? మ్యాపు పరిచి, ఇక్కణ్ణుంచి ఇక్కడికి అన్నావు. గుడ్లెన్ని ఉడకబెట్టాలో అదొక్కటే నన్నడిగావు."

 రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు. మూడోనాడు ఆయన డ్యూటీ నుంచి వచ్చి, ఇకనుంచి వారం విడిచి వారం పిల్లల్ని తానొక్కడే తీసుకెళ్తానన్నాడు. గుడ్లూ తనే ఉడకబెట్టుకుంటానన్నాడు. అనడమైతే అన్నాడు. మొదటిసారి ఉడకబెట్టినప్పుడు గిన్నె మాడ్చాడు.

ఒంటరిగా మిగిలిన మొదటి సెలవురోజు ఆమెకు నిద్రపట్టలేదు. ఎవరు జారిపడ్డారో, ఎవరు తడిశారో అని కిటికీకి అతుక్కుని కూర్చుంది. తర్వాతిసారి బట్టలన్నీ ఉతికి తన మీద తానే విసుక్కుంది. ఆ పైసారి మాత్రం పడుకుంది. వాళ్ళు తిరిగొచ్చి తలుపు కొట్టినా లేవలేదు.

ఆమె కూడా వెళ్ళే వారాల్లో పెద్దది తల్లిని ముందు నడవమంది. ముందు నడిచే మనిషి ఎలా నడిస్తే అందరూ అలాగే నడవాలి కాబట్టి, ఆయనా ఆ నత్తనడకే నడిచాడు. ఒకటి రెండుసార్లు గొణిగాడు కూడా. "జాగ్రత్త" అనడం ఆమె పూర్తిగా మానలేదు, అది నాలుకకు అలవాటైపోయింది.

"ఏం అక్కా, ఆ కొండలన్నీ తిరిగేశారటగా?" అని రోలర్ అవతల నిలబడే తోటి పనామె అడిగేది.

"అన్నీ కాదు. మధ్యలో కొన్ని ముక్కలు నేను ఇంట్లో పడుకున్నా," అనేది ఆమె, దుప్పటి అంచు అందిస్తూ.

ఎండలు ముదిరాక ఒకరోజు నలుగురూ కనుమ ఎక్కారు. పైకి చేరేసరికి ఆమె ముఖం కందిపోయింది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. అవతల కొండ వెనక కొండ, వాటి మీద దారంలా సాగిపోయిన బాట. ఇంకా ఎంత ఉందో చూస్తేనే నీరసం వచ్చేలా ఉంది. బుడ్డోడు రాళ్ళు ఏరుకుంటున్నాడు. ఆయన మ్యాప్ తీయబోయి, ఆమె మొహం చూసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

"ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మోకాళ్ళు రెండూ అరచేతులతో నొక్కుకుంది.

"బాగానే ఉంది," అంది. "కాసేపు ఎవరూ నన్ను లేవమనకండి."